రెండు జీతాలు, ఒక్క లెక్క

గృహ నిర్వాహకత్వాన్ని గూర్చి వ్రాసే ఈ పుటకు సాధారణంగా పిల్లల చదువులు, అప్పులు, దశమభాగం, అత్తాకోడళ్ల మధ్య డబ్బు పెత్తనం, ఇటువంటి ప్రశ్నలే వస్తుంటాయి. ఈసారి వచ్చిన ఉత్తరం వేరే రకం. మా కావలి ప్రాంతపు ఒక సహోదరి నాలుగు పేజీలు వ్రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు గనుక సంగతి మాత్రం చెబుతాము.

ఆమె భర్త ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరరు. నెలకు నలభై వేలు జీతం. పెద్దమ్మాయిని నర్సింగులో చేర్చాక ఆ జీతం చాలలేదు. 2024 ఏప్రిల్ నుండి ఆయన సాయంత్రాలు, సెలవు రోజులు ఒక కోచింగ్ సెంటరులో కూడా జీతానికి కుదిరారు. అక్కడ ఏడాదికి 3,95,000 రూపాయలు వచ్చాయి. "రెండుచోట్లా ఒక్క రూపాయి పన్ను కొయ్యలేదు అయ్యగారూ, మనబోటి జీతాలకు పన్ను లేదులే అనుకున్నాం" అని వ్రాశారు. తీరా 2025 సెప్టెంబరులో రిటర్ను వేయడానికి ఆడిటరు దగ్గరికి వెళితే, 31,200 రూపాయల పన్ను, దానిపైన సుమారు మూడున్నర వేలు వడ్డీ కట్టాలన్నారట. అమ్మాయి రెండో సంవత్సరం ఫీజుకని దాచిన డబ్బు అందులోకి పోయింది. ఫీజు కోసం ఆమె మెడలో గొలుసు బ్యాంకులో పెట్టారు.

ఆమె మూడు ప్రశ్నలు అడిగారు. ఇద్దరు యజమానులూ చదువుకున్నవారే కదా, వాళ్లు కొయ్యకపోతే అది మా తప్పెలా అవుతుంది? రెండో పని సంగతి మొదటి కాలేజీలో చెప్పలేదు, అది పాపమా? ఇంత చేసి ప్రభుత్వానికి కట్టేకంటే ఆయన ఆ రెండో పని మానేస్తే మంచిది కాదా?

వేదాంత విద్యలో ఆదాయపు పన్ను పాఠం ఉండదు. అందుచేత లెక్క తెలిసిన ఒక సహోదరుణ్ణి కూర్చోబెట్టుకొని, కాగితాలన్నీ ముందు వేసుకొని చూశాము. చూసినకొద్దీ, ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదని తెలిసింది. మన సంఘాల్లో ఉదయం బడి, సాయంత్రం ట్యూషన్. పగలు ఆసుపత్రి, రాత్రి నర్సింగ్ హోము. వారమంతా హేచరీలో లెక్కలు, ఆదివారం మధ్యాహ్నం ఇంకొకరి దుకాణంలో లెక్కలు, ఇలా రెండు చేతులా సంపాదించుకుంటున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. హైదరాబాదులోనో బెంగుళూరులోనో కంపెనీ ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు ఇంకొక కంపెనీకి పనిచేసే మన పిల్లలున్నారు. వీళ్లందరికీ ఈ లెక్క ముందుగా తెలిస్తే గొలుసు మెడలోనే ఉండేది.

మొదటి ప్రశ్నకు జవాబు లెక్కలోనే ఉంది. జీతం ఇచ్చే యజమాని ప్రతి నెలా పన్ను కొంత కోసి ప్రభుత్వానికి కట్టాలి. దీన్నే టీడీఎస్ అంటారు. మన ఊళ్లలో కటింగ్ అని అనేస్తారు. ఆయన ఎలా కోస్తాడు? తాను ఏడాదికి ఇవ్వబోయే జీతం ఎంతో చూసి, దానికి పన్ను ఎంతవుతుందో లెక్కగట్టి, పన్నెండు భాగాలు చేసి కోస్తాడు. తన జీతం మాత్రమే ఆయనకు తెలుసు. ఇంకొక చోట మనకు ఏమి వస్తున్నదో, ఎవరూ చెప్పకపోతే, ఆయన లెక్కలోకి రాదు.

ఈ సహోదరి ఇంటి లెక్క చూడండి. అది 2024-25 ఆర్థిక సంవత్సరం. ఆ ఏడు కొత్త పన్ను విధానంలో జీతగాడికి 75,000 రూపాయలు స్టాండర్డ్ డిడక్షన్ అని తీసివేస్తారు. మిగిలినది 7 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను సున్న. కాలేజీవారు 4,80,000 లోనుండి 75,000 తీసివేశారు, 4,05,000 మిగిలింది, పన్ను లేదన్నారు. కోచింగ్ సెంటరువారు 3,95,000 లోనుండి మళ్లీ 75,000 తీసివేశారు, 3,20,000 మిగిలింది, పన్ను లేదన్నారు. ఇద్దరి లెక్కా వారి వారి మట్టుకు సరైనదే. కాని చట్టం దృష్టిలో ఆ లెక్చరరు ఒక్కడే మనిషి, పాన్ కార్డు ఒక్కటే. ఆ 75,000 మనిషికి ఒక్కసారే గాని యజమానికి ఒకసారి కాదు. 7 లక్షల హద్దూ అంతే. రెండు జీతాలూ కలిపితే 8,75,000. అందులో ఒక్కసారి 75,000 తీస్తే 8,00,000. మొదటి 3 లక్షలకు పన్ను లేదు. 3 నుండి 7 లక్షల వరకు నూటికి 5 చొప్పున 20,000. 7 నుండి 8 లక్షల వరకు నూటికి 10 చొప్పున 10,000. మొత్తం 30,000. దానిమీద నూటికి 4 సెస్సు, 1,200. అదే ఆడిటరుగారు చెప్పిన 31,200.

కనుక అమ్మా, యజమానులు మిమ్మల్ని మోసం చేయలేదు. ఆడిటరుగారూ మోసం చేయలేదు. కోత లేదంటే పన్ను లేదని కాదు. కోత అనేది పన్నులో ముందుగా కట్టే భాగం మాత్రమే. అసలు పన్ను ఎంతో ఏడాది చివర ఆ మనిషి ఆదాయమంతా కలిపిన తరువాతనే తేలుతుంది. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పింది ధర్మకార్యాల గూర్చి. జీతాల విషయంలో కూడా అలాగే ఉంచితే ఇలాగే అవుతుంది!

ఇక్కడ ఒక భయం తీర్చాలి. భర్త జీతం, భార్య జీతం కలిపి లెక్కగడతారేమోనని కొందరు సహోదరీలు మమ్మల్ని అడిగారు. కలపరు. ఇద్దరూ ఉద్యోగం చేస్తే ఎవరి పాన్ కార్డు వారిది, ఎవరి లెక్క వారిది, ఎవరి 75,000 వారిది. ఒకే మనిషికి రెండు ఉద్యోగాలు ఉన్నప్పుడే ఈ చిక్కు. ఏడాది మధ్యలో ఒక ఉద్యోగం మాని ఇంకొకటి చేరినవారికి కూడా ఇదే చిక్కు ఉన్నది. కొత్త యజమాని తాను ఇచ్చిన నెలలే చూస్తాడు. పాత చోట వచ్చినది చెప్పకపోతే ఆయనా మళ్లీ మొదటినుండి హద్దులన్నీ లెక్కగడతాడు.

మరి ఏమి చేయాలి? చట్టంలోనే దారి ఉన్నది, చాలామంది వాడుకోరు. రెండు చోట్ల జీతం తీసుకునే మనిషి, ఇద్దరిలో ఒక యజమానిని ఎంచుకొని, రెండో చోట వచ్చే జీతం ఇంత, అక్కడ కోసిన పన్ను ఇంత అని వ్రాసి ఇవ్వవచ్చు. 1961 ఆదాయపు పన్ను చట్టం కింద ఆ కాగితాన్ని ఫారం 12బి అన్నారు. అది అందాక ఆ యజమాని రెండు జీతాలూ కలిపి లెక్కగట్టి, రావలసిన పన్నంతా తన చోటనే కొయ్యాలి. జీతం కాని ఇతర ఆదాయం ఉంటే, అంటే బ్యాంకు వడ్డీ, ఇంటద్దె వంటివి, వాటిని కూడా చెప్పి కోయించుకోవచ్చు. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా 1961 చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం వచ్చింది గనుక ఫారాల అంకెలు చూసి కంగారుపడవద్దు. "నా రెండో జీతం వివరాలు ఇచ్చే ఫారం" అని అడిగితే కాలేజీ ఆఫీసులో లెక్కలు చూసే గుమాస్తాకు తెలుస్తుంది.

ఆ లెక్చరరు 2024 ఏప్రిల్‌లోనే ఈ కాగితం ఇచ్చి ఉంటే ఏమయ్యేది? 31,200 ను పన్నెండు నెలలకు పంచితే నెలకు 2,600. నెలకు 2,600 తక్కువ వస్తే ఆ ఇల్లు సర్దుకునేది. ఒక్కసారే ముప్పై నాలుగు వేలు పైచిలుకు కట్టమంటే సర్దుకోలేక గొలుసు తాకట్టు పెట్టారు. వడ్డీ కూడా ఉండేది కాదు. ఆ వడ్డీ ఎందుకు పడిందంటే, కోతలు పోగా ఇంకా 10,000 గాని అంతకుమించి గాని పన్ను మిగిలే మనిషి, ఏడాది గడిచేదాకా ఆగకుండా, ముందస్తు పన్ను అని విడతలుగా కట్టాలి. జూన్ 15 నాటికి నూటికి 15 వంతులు, సెప్టెంబరు 15 నాటికి 45, డిసెంబరు 15 నాటికి 75, మార్చి 15 నాటికి నూటికి నూరు. కట్టకపోతే నెలకు నూటికి ఒకటి చొప్పున వడ్డీ. మన పల్లెల్లో నూటికి రెండు, మూడు వడ్డీ చూసినవారికి ఇది తక్కువే అనిపించవచ్చు. కాని ఒక ఫారం ఇచ్చి తప్పించుకోగల వడ్డీ ఎంత తక్కువైనా దండగే కదా.

ఏదైనా కారణం చేత యజమానికి చెప్పడం కుదరకపోతే, ఈ నాలుగు తేదీలను గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకొని మనమే కట్టుకోవాలి. అది చట్టసమ్మతమే. అయితే కుదరకపోవడానికి కారణం ఏమిటన్నదే ఆమె రెండో ప్రశ్న.

ఆ ప్రశ్నకు మా మనసులో ఉన్నది దాచకుండా చెబుతాము. రెండో పని చేయడం పాపం కాదు. కాని ఉద్యోగంలో చేరిన రోజున సంతకం పెట్టిన కాగితంలో ఇంకొక పని చేయరాదని ఉందా, లేదా? దాన్ని తీసి చదవాలి. లేకపోతే చెప్పడానికి భయమెందుకు? ఉంటే, సంతకం పెట్టిన మాట తప్పినట్టే. అప్పుడు పన్ను రెండో సమస్య, మాట మొదటి సమస్య. ప్రభుత్వ ఉద్యోగులకైతే ఇది ఇంకా స్పష్టం. 1964 నాటి మన రాష్ట్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ప్రకారం అనుమతి లేకుండా వేరే వ్యాపారం, ఉద్యోగం చేయరాదు. 2009 విద్యాహక్కు చట్టమైతే ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదనే అన్నది. మన సంఘాల్లో ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. నొచ్చుకోకుండా ఈ మాట చదవాలని మనవి.

దాచడం ఈ రోజుల్లో సాగదు కూడా. రెండు చోట్లా పాన్ ఒక్కటే గనుక ఎక్కడ ఏమి కోశారో, ఏమి ఇచ్చారో, ఆదాయపు పన్ను శాఖ వారి 26ఏఎస్, ఏఐఎస్ అనే పట్టికల్లో మన పేరుమీద ఒకే చోట చేరుతుంది. భవిష్యనిధి నంబరూ మనిషికి ఒక్కటే. 2022 సెప్టెంబరులో విప్రో కంపెనీ అధిపతి రిషద్ ప్రేమ్‌జీ, తమ పోటీదారుల దగ్గర కూడా పనిచేస్తూ దొరికిన మూడు వందల మందిని తీసివేశామని బహిరంగంగా చెప్పారు. ఆ మూడు వందల మంది ఇళ్లలో ఎందరు తల్లిదండ్రులు కొడుకు రెండు జీతాలు తెస్తున్నాడని సంతోషించారో! పట్నంలో ఉన్న మన పిల్లలను ఫోనులో "భోంచేశావా" అని అడిగినట్టే "నీ రెండో పని సంగతి మొదటివాళ్లకు తెలుసా" అని కూడా ఒకసారి అడగండి.

2025-26 సంవత్సరానికి వచ్చేసరికి హద్దులు మారాయి. ఇది చాలా కుటుంబాలకు ఊరట. కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు వల్ల పన్ను సున్న. జీతగాళ్లకు 75,000 కలుపుకొని 12,75,000 దాకా. అంటే మన లెక్చరరు అదే 8,75,000 ను 2025-26 లో సంపాదిస్తే ఒక్క రూపాయి పన్ను పడదు. ఈ మాట విని ఆ సహోదరికి సంతోషమూ, 2024-25 ను తలచుకొని కొంత బాధా కలుగుతాయని మాకు తెలుసు.

అయితే ఆ హద్దు ఒక్కొక్క యజమానికి కాదు, మనిషికి. గోతి పూడలేదు, కొంచెం దూరం జరిగింది. ఒక సహోదరుడు 2025-26 లో ఒకచోట 8,75,000, ఇంకొకచోట 5,00,000 జీతం తీసుకున్నాడనుకోండి. ఇద్దరు యజమానులూ ఎవరికి వారు సున్న అంటారు. కలిపితే 13,75,000. స్టాండర్డ్ డిడక్షన్ పోతే 13,00,000. ఇక రిబేటు లేదు. మొదటి 4 లక్షలకు సున్న, తరువాతి 4 లక్షలకు నూటికి 5 చొప్పున 20,000, ఆ తరువాతి 4 లక్షలకు నూటికి 10 చొప్పున 40,000, చివరి లక్షకు నూటికి 15 చొప్పున 15,000. మొత్తం 75,000, సెస్సు 3,000, వెరసి 78,000. రెండుచోట్లా కోత సున్న, తీరా చూస్తే బాకీ 78,000! ముందే చెప్పి కోయించుకుంటే నెలకు 6,500.

12 లక్షల లోపు ఉన్నవారు ఇంకొక పొరపాటు చేస్తుంటారు. పన్ను సున్న గనుక రిటర్ను అక్కరలేదని అనుకుంటారు. 2025-26 లో కొత్త విధానం కింద ఆదాయం 4 లక్షలు దాటితే, పన్ను సున్న అయినా రిటర్ను వేయాలి. ఆ సున్న అనేది రిటర్నులో తేలవలసిన సున్న.

ఇప్పటివరకు రెండూ జీతాలైన ఇంటిని గూర్చి చెప్పాము. మన పల్లె కుటుంబాల్లో అంతకంటే ఎక్కువగా జరిగేది వేరు. మొదటిది జీతం, రెండోది ఫీజు. ఒక కాలేజీలో గెస్టు లెక్చరరుగా చెప్పినందుకు, ఒక సంస్థకు అనువాదం చేసినందుకు, ఆసుపత్రిలో కేసుకింత అని చూసినందుకు ఇచ్చేది. ఇది వృత్తి ఫీజు కిందికి వస్తే, ఇచ్చే సంస్థ ఏడాదికి 50,000 దాటినప్పుడు నూటికి 10 చొప్పున కోసి ఇస్తుంది. 2025 మార్చి వరకు ఈ హద్దు 30,000 ఉండేది. ఇక్కడ జరిగేది ఇందాకటి కథకు తలక్రిందులు. అక్కడ కొయ్యవలసినది కొయ్యలేదు. ఇక్కడ పడని పన్నును ముందే కోస్తారు.

ఒక సహోదరికి పాఠశాలలో ఏడాదికి 4,80,000 జీతం, ఒక సంస్థ ఇచ్చిన ఫీజు 1,20,000 అనుకుందాం. ఆ సంస్థ 12,000 కోసి 1,08,000 చేతికి ఇచ్చింది. 2025-26 లెక్కలో ఆమె మొత్తం ఆదాయం, 75,000 పోగా, 5,25,000. పన్ను సున్న. కనుక ఆ 12,000 ఆమెదే. రిటర్ను వేస్తే బ్యాంకు ఖాతాలోకి తిరిగి వస్తుంది. వేయకపోతే రాదు. "కోసేశారుగా, పోయిందిలే" అని ఊరుకున్నవారిని మేము ఎరుగుదుము. ఒక నెల బియ్యం, పప్పులు, పాలు, ఒక బిడ్డ బస్సు పాసు ఆ డబ్బులో ఉన్నాయి. ప్రభుత్వానికి ఇవ్వవలసినది ఎగగొట్టడం ఎంత తప్పో, మన పిల్లలది వదిలేయడం అంత అజాగ్రత్త అని మా అభిప్రాయం. ఫీజు ఆదాయం ఉన్నవారు జీతగాళ్లు వేసే చిన్న ఫారం వేయకూడదు, వేరే ఫారం ఉంటుంది. ఒకసారి ఆడిటరు దగ్గర కూర్చుంటే తేలుతుంది. మరొక మాట. పాన్ నంబరు ఇవ్వకపోతే నూటికి 10 కాదు, 20 కోస్తారు.

వృత్తిపన్ను గూర్చి కూడా ఒక మాట. ఇది ఆదాయపు పన్ను కాదు, రాష్ట్రానిది. మన రాష్ట్రంలో జీతం నెలకు 20,000 దాటినవారికి నెలకు 200 కోస్తారు. రెండు చోట్లా కోస్తే ఏడాదికి 4,800 అవుతుంది. రాజ్యాంగం 276వ అధికరణం ప్రకారం ఒక మనిషి మీద ఈ పన్ను ఏడాదికి 2,500 దాటకూడదు. రెండోచోట కోస్తున్నట్టు పే స్లిప్పులో కనిపిస్తే ఆ ఆఫీసులో అడగండి.

సేద్యం ఉన్నవారు అడుగుతారు గనుక అదీ చెబుతాము. పొలం మీద వచ్చిన ఆదాయానికి కేంద్రం ఆదాయపు పన్ను వేయదు. అయితే ఇతర ఆదాయం హద్దు దాటినప్పుడు, సేద్యపు ఆదాయం 5,000 మించితే, ఏ రేటు వేయాలో తేల్చడానికి దాన్ని కలిపి చూస్తారు. రొయ్యల చెరువు లెక్కను మాత్రం ఆడిటరును అడగకుండా సేద్యంలో కలపవద్దు. ఈ సముద్రతీరంలో ఈ మాట ఎందుకు చెబుతున్నామో వేరే చెప్పనవసరం లేదు.

ఇక సేవకులను గూర్చి. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట ఉండి డేరాలు కుట్టి తన తిండి తాను సంపాదించుకున్నాడు (అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయము). మన ప్రాంతంలోనూ దీనికి దాఖలా ఉన్నది. 1876-78 నాటి గొప్ప కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకం కంట్రాక్టుకు తీసుకున్నారు. భూమి కొలిచే పని ఆయన అమెరికాలోనే చేసినవారు. సువార్త బోధకులే కూలీల గుంపులకు మేస్త్రీలై నిలబడ్డారు. పగలు పార లెక్క, విశ్రాంతి వేళ వాక్యం. 1878 జూలై 3 న వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన సంఘాల్లో అందరికీ తెలుసు. దానికి ముందు కాలువ గట్టున కూలి లెక్కలు నడిచాయన్నది అంతగా చెప్పుకోము. ఆ కాలువ నేటికీ మన తీరం వెంట ఉన్నది.

కాబట్టి చిన్న సంఘాల కాపరులు బడిలో పాఠాలు చెప్పినా, కుట్టుమిషను పెట్టుకున్నా, సంఘం చిన్నచూపు చూడకూడదు. అదే సమయంలో కాపరులు కూడా తమ లెక్క తెలుసుకోవాలి. సంఘం నెలనెలా ఇచ్చే జీతం, దాన్ని గౌరవవేతనమన్నా మరేదన్నా, ఆదాయమే. బడి జీతంతో కలిపి లెక్కకు వస్తుంది. బంధువులు కానివారి నుండి ఏడాదిలో వచ్చిన కానుకలు మొత్తం 50,000 దాటితే, దాటినది మాత్రమే కాదు, మొత్తమూ ఆదాయంలో కలుస్తుంది. పెళ్లి కానుకలకు ఇది వర్తించదు. దైవసేవకులమని మినహాయింపు ఉంటుందని అనుకునేవారు 2024 నవంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పును గుర్తుంచుకోవాలి. ప్రభుత్వ సహాయంతో నడిచే పాఠశాలల్లో పనిచేసే రోమన్ కథోలిక కన్యాస్త్రీలు, గురువులు తమ జీతమంతా తమ మఠాలకే అప్పగిస్తామనీ, దరిద్ర వ్రతం తీసుకున్నామనీ, తమ జీతంలో పన్ను కోయరాదనీ వాదించారు. జీతం మొదట ఆ మనిషికే చెందుతుంది, ఆ తరువాత ఎవరికి ఇచ్చినా అది ఇష్టపూర్వకమైన వినియోగం, గనుక కోయవలసిందేనని మద్రాసు హైకోర్టు 2019 లో చెప్పినదాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఒక్క పైసా తమకోసం ఉంచుకోని వారికే అలాగైతే, మనలాంటి కుటుంబీకుల మాట చెప్పేదేముంది?

కపెర్నహూములో పన్ను వసూలు చేసేవారు వచ్చి, మీ బోధకుడు అరషెకెలు చెల్లించడా అని అడిగినప్పుడు పేతురు ఇంటిలోనికి వచ్చాడు (మత్తయి సువార్త 17వ అధ్యాయము). ప్రభువు తాను కట్టనక్కరలేదని చూపిస్తూనే, వారికి అభ్యంతరం కలుగకూడదని, పేతురును గాలమిచ్చి సముద్రానికి పంపాడు. చేప నోట దొరికిన నాణెం ఇద్దరి పన్నుకూ సరిగ్గా సరిపోయింది. మా సంఘంలో వల వేసే సహోదరులు ఈ భాగం చదివినప్పుడల్లా నవ్వుతారు, తమ వలలో అలాంటి చేప ఎన్నడూ పడలేదని! మేము గమనించేది ఇంకొకటి. పేతురు ఆ రోజు కూడా తనకు వచ్చిన పనినే చేయవలసి వచ్చింది. పన్ను డబ్బు అతని చేతి వృత్తిలో నుండే వచ్చింది.

మూడో ప్రశ్న మిగిలింది. రెండో పని మానేయాలా? పన్నుకు భయపడి మానవద్దు. 3,95,000 వచ్చినందుకు 31,200 పోయినా ఇంటికి 3,63,800 మిగిలింది. ఆ డబ్బుతోనే ఆ అమ్మాయి చదువుతున్నది. కాని, అమ్మా, మీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం వ్రాసి కొట్టివేశారు. కొట్టివేసినా కనబడింది. ఆయన రాత్రి పదిన్నరకు వచ్చి, అన్నం కంచం ముందే నిద్రపోతున్నారనీ, చిన్నబ్బాయి వారం రోజులుగా ఆయనతో మాట్లాడలేదనీ వ్రాశారు. ఆ లెక్క ఏ ఫారంలోనూ రాదు. దాన్ని గూర్చి మీరిద్దరూ కూర్చొని మాట్లాడుకోవాలి. అమ్మాయి కోర్సు పూర్తయ్యేదాకా అని ఒక తేదీ పెట్టుకొని, వారంలో ఒక సాయంత్రం వదులుకుంటే ఎంత తగ్గుతుందో కాగితం మీద వేసి చూడండి. తగ్గే మొత్తం మీరు భయపడినంత ఉండకపోవచ్చు.

ఈలోగా చేయవలసినవి ఇవి. సంవత్సరం ముగిశాక రెండుచోట్ల నుండీ జీతపు సర్టిఫికెట్టు విడివిడిగా అడిగి తీసుకోవాలి. పాత చట్టంలో దాని పేరు ఫారం 16. రిటర్ను వేసే ముందు 26ఏఎస్ పట్టికతో వాటిని సరిచూడాలి. జీతగాళ్లకు రిటర్ను గడువు సాధారణంగా జూలై 31. 2025 లో ప్రత్యేకంగా సెప్టెంబరు 16 దాకా పొడిగించారు గాని ప్రతి ఏడూ అలా జరగదు. గడువు దాటితే డిసెంబరు 31 దాకా ఆలస్య రుసుముతో వేయవచ్చు. ఆదాయం 5 లక్షల లోపైతే 1,000, దాటితే 5,000. కాలేజీలో ఆ రెండో జీతపు ఫారం సంగతి మాట్లాడడానికి మీవారికి ఒంటరిగా వెళ్లడం ఇబ్బందిగా ఉంటే, ఒక శనివారం మా దగ్గరికి రమ్మనండి, మేము కూడా తోడు వస్తాము.

పొలం అమ్మితే పన్ను ఎంత పడుతుందని అడిగిన బోగోలు సహోదరునికి వచ్చే సంచికలో వ్రాస్తాము.